ఆదివారమంతా చొక్కాల పాలవుతోంది అక్కా!

ఈ వారం ఉత్తరం కూకట్‌పల్లి నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వేయొద్దంది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"అక్కా, ఇంట్లో ఐదుగురం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులమే. బాబు తొమ్మిదో తరగతి, పాప ఆరో తరగతి. మామయ్యగారు రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నారు. ఆదివారం పొద్దున ఆరింటికి వాషింగ్ మెషీన్ మొదలుపెడితే ఉతికి, ఆరేసి, తీసి, ఇస్త్రీ చేసేసరికి రాత్రి పదవుతోంది. చొక్కాలే ఇరవై దాటుతాయి. పిల్లల తెల్ల యూనిఫాం పసుపు తిరిగిపోతోంది, ఎంత బ్రష్షు కొట్టినా కాలర్ మురికి వదలట్లేదు. పోయిన వారం నిద్రమత్తులో బాబు చొక్కా మాడ్చేశాను, అక్కడే కూర్చుని ఏడ్చాను. బయట ఇద్దామంటే చొక్కాకి 12 రూపాయలు. 'ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఉండగా బయటెందుకమ్మా' అంటారు మామయ్యగారు. 'ఇచ్చెయ్, ఏముంది' అంటారు మా ఆయన, కానీ తీసుకెళ్లి ఇచ్చేదీ నేనే, తెచ్చేదీ నేనే. నాకేదైనా పద్ధతి చెప్పండి."

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఆ మాడిన చొక్కా సంగతి మనసులోంచి తీసెయ్. పదహారు గంటలు నిలబడ్డ మనిషి చేతిలో వేడి పెట్టె ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు మాడక తప్పదు, అందులో నీ తప్పేం లేదు. ఆ చొక్కాని ఏం చేయొచ్చో చివర్లో చెప్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాగితం మీద నీ ఇంటి చొక్కాలు లెక్కేశాను. మీ ఆయనవి ఐదు, మామయ్యగారివి ఓ నాలుగు అనుకుందాం, స్కూలు సోమవారం నుంచి శనివారం దాకా కాబట్టి పిల్లలవి చెరో ఆరు. మొత్తం 21. ఇవి కాక నీ కుర్తీలు, చీరలు, నువ్వు వాటి ఊసే ఎత్తలేదు! ఈ 21లో ఒక్కటి కూడా నువ్వు తొడుక్కునేది కాదు. కానీ 21నీ ఉతికేది, ఆరేసేది, ఇస్త్రీ చేసేది నువ్వే, అదీ ఒకే రోజున. పద్ధతి అడిగావు, చెప్తాను, కానీ పద్ధతి కంటే ముందు ఈ లెక్క మారాలి. ఎంత గొప్ప ఇస్త్రీ పెట్టె కొన్నా, ఎన్ని చిట్కాలు నేర్చుకున్నా, 21 చొక్కాలు ఒక్క మనిషి మీద, ఒక్క రోజున పడితే ఆ ఆదివారం బాగుపడదు.

ముందు ఉతుకు రోజు మార్చు. ఆదివారం వద్దు. బుధవారం రాత్రి ఒక విడత, శనివారం పిల్లలు స్కూలు నుంచి వచ్చాక ఇంకో విడత. బుధవారం నాటికి మీ ఆయనవి మూడు, పిల్లలవి మూడేసి, మామయ్యగారివి రెండు, పదకొండు చొక్కాలవుతాయి. శనివారం మిగతా పది. పిల్లలకి మామూలు యూనిఫాం చొక్కాలు మూడు, తెల్లవి రెండు ఉంటే ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది (చాలా స్కూళ్లలో లాగా మీకూ బుధ, శనివారాలు తెల్ల డ్రెస్సే అనుకుంటున్నా). మామూలువి రెండే ఉంటే ఇంకొకటి కొను. ఆ మూడో చొక్కా లేకపోవడం వల్లే రాత్రి పదకొండింటికి ఒక్క చొక్కా ఉతికి, ఫ్యాను కింద ఆరేసి, పొద్దున్నే తడి మీద ఇస్త్రీ చేసే గొడవంతా వస్తుంది.

పదకొండు చొక్కాలే కదా, ప్యాంట్లు, తువ్వాళ్లు కూడా కలిపేస్తే ఒక్కసారికే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకు. తువ్వాళ్ల నూగు చొక్కాలకి అంటుతుంది, జీన్స్ బరువుకి చొక్కాల చేతులు మెలికలు పడతాయి. మెషీన్ మీద ఏడు కిలోలు అని రాసి ఉందని ఏడు కిలోలూ కూరకూడదు. చొక్కాలకి లోపల తిరగడానికి చోటుండాలి, సగం డ్రమ్ము నిండితే చాలు. కూరి కూరి వేసిన చొక్కా మురికీ వదలదు, ముడతలూ గట్టిగా పడతాయి, ఆ ముడతల కోసం తర్వాత నీ భుజం నొప్పెడుతుంది.

కాలర్ మురికి గురించి అడిగావు. బ్రష్షు పెట్టి బాదకు, దానివల్ల కాలర్ మడత దగ్గర బట్ట చిట్లి దారాలు లేస్తాయి తప్ప మురికి పోదు. అది దుమ్ము కాదు, మెడ జిడ్డు. జిడ్డు మీద దుమ్ము కూర్చుని నల్ల గీత కడుతుంది. ముందు జిడ్డు వదిలితే దుమ్ము దానంతటదే పోతుంది. నేనేం చేస్తానో చెప్తాను. అంట్లు తోమే లిక్విడ్ ఉంటుంది కదా, అది మూడు చుక్కలు కాలర్ లోపలి గీత మీద వేసి, తడి వేలితో ఈ చివర నుంచి ఆ చివరికి రాస్తాను. పాత టూత్ బ్రష్షు ఉంటే దాంతో ఒక్కసారి మెల్లగా, ఒకే వైపుకి. కఫ్‌ల అంచులకీ అంతే. పావుగంట అలా వదిలేసి మెషీన్లో వేస్తాను. ఇంకో సంగతి, ఆ చొక్కా విప్పిన సాయంత్రమే ఈ పని చేస్తే పావుగంట కూడా అక్కర్లేదు. ఐదు రోజులు బుట్టలో మగ్గి ఆదివారం బయటికొచ్చిన కాలర్ మాత్రం ఎవరి మాటా వినదు. నువ్వు ఎంత కొట్టినా పోవట్లేదంటే కారణం అదే అయ్యుంటుంది. వారానికి రెండుసార్లు ఉతికితే ఆ బాధ సగానికి సగం తగ్గుతుంది.

తెల్లచొక్కాలు పసుపు తిరగడానికి రెండు కారణాలు, రెండిటికీ వేర్వేరు మందులు. చంకల దగ్గర మాత్రమే పసుపు ఉంటే అది చెమట, దాంతోపాటు డియోడరెంట్లలో కొన్నిట్లో ఉండే అల్యూమినియం లవణాలు. చాలామంది దాని మీద బ్లీచ్ పోస్తారు, క్లోరిన్ బ్లీచ్ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. తినే సోడాని నీళ్లతో ముద్దలా కలిపి ఆ చోట పట్టించి అరగంట ఉంచి ఉతుకు, లేకపోతే క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ పొడి దొరుకుతుంది, గోరువెచ్చటి నీళ్లలో కలిపి గంటసేపు నానబెట్టు.

చొక్కా అంతా ఒకేలా మసకబారి, బూడిదా పసుపూ కలిసిన రంగులోకి వస్తే మాత్రం అది నీళ్ల పని. మీ వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు, బకెట్టు అంచున తెల్లగా పెచ్చు కడుతుంది, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగే నీటికి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. కొన్ని బోర్లలో ఆ 600 కూడా దాటుతుంది. అలాంటి నీళ్లలో బట్టల సబ్బు బిళ్ల వాడితే సబ్బూ ఆ ఖనిజాలూ కలిసి జిగురు తెట్టులా తయారై నూలు సందుల్లో కూర్చుంటుంది. అందుకని బిళ్ల మానెయ్, డిటర్జెంట్ వాడు. ఇంకో ముఖ్యమైన మాట, మీ అపార్ట్‌మెంటులో వంటింటి కుళాయికి మంజీరా నీళ్లు, అంటే నగరానికి కుళాయిల్లో వచ్చే మంచినీళ్లు, వస్తాయా కనుక్కో. వస్తే తెల్లచొక్కాలని మాత్రం మెషీన్లోంచి తీశాక రెండు బకెట్ల మంజీరా నీళ్లలో చేత్తో జాడించు. నాలుగంటే నాలుగు చొక్కాలు, ఐదు నిమిషాల పని. ఆ ఆఖరి జాడింపు మంచి నీళ్లతో జరిగితే మూడు నాలుగు ఉతుకుల్లోనే తేడా కంటికి కనిపిస్తుంది. నీలం వేస్తావేమో, వెయ్యి, కానీ బకెట్టు నీళ్లలో ముందు బాగా కలిపి అప్పుడు చొక్కా ముంచు. బట్ట మీద నేరుగా చుక్కపడితే ఆ నీలం మచ్చతో మళ్లీ వారం కుస్తీ పట్టాలి. అన్నట్టు నీలం మురికిని తీయదు, పసుపుని కంటికి కనపడకుండా చేస్తుంది అంతే, కాబట్టి ఉతుకు సరిగ్గా లేకుండా నీలం ఎంత వేసినా లాభం లేదు.

బ్లీచ్, వెనిగర్ రెండూ ఒకే బకెట్లో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నిమ్మకాయ పిండినా అంతే.

మరకల గురించి నువ్వు అడగలేదు గానీ స్కూలు పిల్లలున్న ఇల్లు కాబట్టి రెండు ముక్కలు. సాంబారు మరక సబ్బు తగలగానే ఎర్రగా మారితే కంగారుపడకు, పసుపు క్షారంతో అలాగే మారుతుంది. ఉతికి ఎండలో వేస్తే రెండు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. బాల్‌పెన్ను సిరా అయితే కింద పాత గుడ్డ పెట్టి, పైన స్పిరిట్ గానీ చేతులకు రాసుకునే శానిటైజర్ గానీ వేసి అద్దుతూ రావాలి, రుద్దకూడదు. జేబులు చూడకుండా మెషీన్లో వేయకు. మా ఇంట్లో ఒక్క పెన్ను ఏడు చొక్కాలని పాడుచేసింది, అప్పటి నుంచి జేబు తడమడం అనేది ఆ చొక్కా విప్పిన మనిషి పని అని ఖరారు చేసుకున్నాం.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఇస్త్రీ పని ఇస్త్రీ పెట్టె దగ్గర మొదలవదు చెల్లీ, దండెం దగ్గర మొదలవుతుంది. నూలు బట్ట తడిసినప్పుడు దాని పోగుల్లోపల పట్టు వదులుతుంది, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటుంది. నూలు పోగుల్లో ఉండే సెల్యులోజ్ అనే పదార్థపు గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాల వల్లే ఇలా జరుగుతుందని మా అబ్బాయి ఇంటర్లో చదువుకుంటూ చెప్పాడు, నాకు మాత్రం అది చేతికి తెలిసిన సంగతే. ముద్దగా ఆరితే ముద్దగానే బిగుస్తుంది. సాపుగా ఆరితే సగం ఇస్త్రీ అయిపోయినట్టే.

కాబట్టి మెషీన్ ఆగిన వెంటనే తియ్యి, ఫోన్లో అలారం పెట్టుకుని మరీ. లోపల అరగంట ముద్దగా పడి ఉంటే ఆ మడతలు అక్కడే ముదిరిపోతాయి. నీళ్లు పిండే వేగం పూర్తిగా పెట్టకు, నిమిషానికి 600 చుట్లు చాలు, 1000 మీద తిప్పితే తొందరగా ఆరుతుంది కానీ ముడతలు రెట్టింపవుతాయి. చొక్కాని రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా రెండుసార్లు దులుపు, గాలిలో టప్‌మని చప్పుడు రావాలి. దండెం మీద మధ్యకి మడిచి వేసి క్లిప్పు పెట్టొద్దు, హ్యాంగరుకి తగిలించు. పై గుండీ ఒకటి పెట్టు. కాలర్‌ని కింది నుంచి పైకి వేళ్లతో నిమిరి మడత సరిచెయ్యి. తర్వాత గుండీల పట్టీని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని నిలువుగా ఒక్క లాగు లాగు, కాజాల పట్టీని కూడా అలాగే. జేబుని అరచేత్తో అద్దు. చేతులని కిందికి సాగదీసి కఫ్‌ల గుండీలు విప్పి వదులు. ఇంతా కలిపి ఒక చొక్కాకి అర నిమిషం. ఆ అర నిమిషం ఇస్త్రీ బల్ల దగ్గర రెండు నిమిషాలని మిగులుస్తుంది, గడియారం పెట్టుకుని చూసుకున్నాను కాబట్టి చెప్తున్నా. హ్యాంగర్లు పదకొండు కావాలి, ప్లాస్టిక్‌వి వెడల్పు భుజాలవి తీసుకో, ఇనపతీగవి తుప్పు మరక దిగుతాయి.

బాల్కనీలో ఎండ ఎంతసేపు పడుతుందో తెలీదు కానీ, రంగు చొక్కాలని తిరగేసి తగిలించు, తెల్లవాటిని నేరుగా. బుధవారం రాత్రి ఉతికినవి హాల్లో కర్టెన్ రాడ్డుకి తగిలించి ఫ్యాను వేసి వదిలేస్తే తెల్లారేసరికి పని అయిపోతుంది. వానాకాలంలో కూడా ఇదే దారి, హ్యాంగర్ల మధ్య జానెడు ఎడం ఉంచాలి అంతే, ఒకదానికొకటి ఆనుకుంటే ముక్క వాసన పడుతుంది. ఒకసారి ఆ వాసన పడితే ఇస్త్రీ చేస్తే పోతుందిలే అనుకోకు, వేడికి ఇంకా లేస్తుంది, మళ్లీ ఉతకాల్సిందే.

ఇస్త్రీకి చొక్కా కొంచెం చెమ్మగా ఉండాలి. పూర్తిగా ఆరి పెళపెళలాడుతున్న నూలు చొక్కా మీద ఎంత వేడి పెట్టె తోసినా ముడత పోదు, మనం ఇంకా వేడి పెంచుతాం, మాడుతుంది. నీ దగ్గర జరిగింది బహుశా అదే. అందుకే ఆరిన చొక్కాల మీద నీళ్లు చిలకరించి, ఒక్కోదాన్నీ చుట్టచుట్టి, అన్నిటినీ ఒక తువ్వాల్లో పావుగంట మూటలా ఉంచు. చెమ్మ అంతటా సమానంగా పాకుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, మన ఇస్త్రీ బండి దగ్గర చూడు, చెంబులో నీళ్లు పెట్టుకుని చల్లుతూనే చేస్తారు.

పెట్టె మీద చుక్కలుంటాయి చూడు, బట్ట చీటీ మీద కూడా అవే చుక్కలుంటాయి. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలంటే 150, మూడంటే 200. నైలాన్‌లాంటివి ఒకటి, పాలిస్టర్ కలిసిన యూనిఫాం బట్ట రెండు, పూర్తి నూలు మూడు. ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందు మామయ్యగారి నూలు చొక్కా, తర్వాత పిల్లల యూనిఫాం, మళ్లీ నూలు, చేతికి ఏది తగిలితే అది చేస్తూ పోతాం. పెట్టె వేడెక్కడానికి రెండు నిమిషాలు చాలు కానీ చల్లారడానికి చాలాసేపు పడుతుంది. మీట తగ్గించినంత మాత్రాన వేడి వెంటనే తగ్గదు. అందుకని ముందు తక్కువ వేడివి అన్నీ చేసెయ్, నూలువి చివరికి ఉంచు. ఈ వరుస ఒక్కటి తప్పకుండా పాటిస్తే మాడడం అనేది దాదాపు ఉండదు.

చొక్కాలో ఏది ముందు అంటే, కాలర్. లోపలి వైపు ముందు, చివర్ల నుంచి మధ్యకి, మధ్య నుంచి చివరికి తోస్తే మూలల్లో మడత పడుతుంది. తర్వాత భుజం పట్టీ, కఫ్‌లు, చేతులు, ఆ తర్వాత గుండీలున్న ముందు భాగం, వీపు, రెండో ముందు భాగం. చిన్న భాగాలు ముందు, పెద్దవి తర్వాత, ఎందుకంటే పెద్ద భాగం ముందు చేస్తే చిన్నవి చేసేలోపు అది మళ్లీ నలుగుతుంది. గుండీల మధ్య పెట్టె ముక్కుతో తిరగాలి, గుండీ మీద పెట్టకూడదు. ముదురు రంగు చొక్కాలు తిరగేసి చెయ్యి, లేకపోతే మెరుపు తేలుతుంది. స్కూలు బ్యాడ్జీ అచ్చువేసి ఉంటే దాని మీద నేరుగా పెట్టొద్దు.

మంచం మీద ఇస్త్రీ చేస్తున్నావా? చేస్తుంటే ఈ రోజే మానెయ్. పరుపు మెత్తగా ఉంటుంది, ఎంత నొక్కినా బట్ట కిందికి పోతుంది తప్ప ముడత విడదు, పైగా వంగి వంగి నడుము పోతుంది. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, పైన పాత నూలు దుప్పటి పరుచు. ఎత్తు నడుం దాకా ఉంటే చాలు, బోర్డు కొనక్కర్లేదు. ప్లగ్గు మూడు పిన్నులదే ఉండాలి, 1000 వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది, పల్చటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టకు. కరెంటు ఖర్చు గురించి ఎవరైనా అంటే ఇలా చెప్పు, గంటసేపు ఆగకుండా లాగినా ఒక్క యూనిట్టే. ఇంట్లో ఇస్త్రీ చేస్తే ఖర్చయ్యేది కరెంటు కాదు, నువ్వు.

అదే మామయ్యగారికి చెప్పాల్సిన మాట కూడా. ఆయన తప్పుగా అన్నారని నేననుకోను. ఆ తరంలో ఇస్త్రీ అంటే పండక్కీ పెళ్లికీ. మా నాన్న బడిపంతులు, రాత్రి చొక్కా మడిచి పరుపు కింద పెట్టుకుని పడుకునేవారు, అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు వేసి దాంతో రుద్దడం నాకు ఇప్పటికీ గుర్తే. అలా బతికిన మనిషికి చొక్కాకి 12 రూపాయలంటే చేయి రాదు. కానీ ఆయన ఉదయం నడకకి వెళ్తారు కదా, వెళ్లకపోయినా కిందికి దిగుతారు. "మామయ్యగారూ, నాకు ఆదివారం ఒంట్లో ఓపిక ఉండట్లేదండీ, మీవీ ఆయనవీ చొక్కాలు కింద ఇస్త్రీ దగ్గర మీరు ఇచ్చి వస్తారా" అని నేరుగా అడుగు. గొణగకుండా, మధ్యలో మీ ఆయన్ని పెట్టకుండా. చాలామంది పెద్దవాళ్లు తమని పని అడిగితే సంతోషిస్తారు, మనమే అడగం. వాళ్లిద్దరివీ కలిపి వారానికి తొమ్మిది చొక్కాలు, 108 రూపాయలు. నెలకి నాలుగు వందల చిల్లర. నువ్వు సంపాదిస్తున్నావు చెల్లీ, ఆ డబ్బు నీ ఆదివారం కోసం ఖర్చుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఇస్త్రీ కుటుంబానికీ అది ఒక స్థిరమైన బేరం అవుతుంది. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీలకు నెలకి 250 యూనిట్ల వరకు కరెంటు ఉచితం చేసినా, రోజంతా నిలబడి చేసే చేతిపని చేతిపనే, 12 రూపాయల దగ్గర బేరం ఆడకు.

మామయ్యగారు గంజి పెట్టిన చొక్కా ఇష్టపడితే అది నూలుకే పెట్టు, గ్లాసు వార్చిన గంజిని వడకట్టి అరబకెట్టు నీళ్లలో కలిపితే చాలు. చిక్కగా పెడితే తెల్లటి మచ్చలు దిగుతాయి, బీరువాలో పురుగులూ చేరతాయి.

ఇక మిగిలినవి పిల్లలవి పన్నెండు. తొమ్మిదో తరగతి కుర్రాడు తన ఆరు చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకోగలడు. "వాడికి చదువు" అంటావేమో, వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున. మా అబ్బాయికి ఇది నేను చాలా ఆలస్యంగా నేర్పాను. నా చేయి విరిగి కట్టు వేసిన నెలన్నరలో ఇంట్లో ఎవరికీ చొక్కా ఇస్త్రీ చేయడం రాదని తెలిసింది, లాండ్రీకి వేస్తే రెండు తెల్లచొక్కాలు ఎర్ర రంగు అంటించి తెచ్చారు, అప్పుడు నేను ఒంటి చేత్తో చూపిస్తుంటే తండ్రీ కొడుకులిద్దరూ పక్కన నిలబడి నేర్చుకున్నారు. వాడిప్పుడు బెంగళూరులో ఉద్యోగం, తన చొక్కాలు తనే చేసుకుంటాడు. అందుకే నీకు నొక్కి చెప్తున్నా, చేయి విరిగేదాకా ఆగొద్దు. మొదటి రెండు వారాలు పక్కన నిలబడు. నీళ్లు చల్లేటప్పుడు పెట్టెని దూరంగా పెట్టడం, మధ్యలో లేవాల్సి వస్తే స్విచ్చి తీసి నిలువుగా నిలబెట్టడం, ఈ రెండూ అలవాటయ్యేదాకా వదలకు. చొక్కా కొంచెం వంకరగా వచ్చినా మళ్లీ నువ్వు తీసుకుని దిద్దొద్దు, అలాగే వేసుకుని వెళ్లనీ.

పాపకి ఇంకా వేడి పెట్టె వద్దు. గుండీలు విప్పడం, జేబులు చూడటం, హ్యాంగర్లకి తగిలించడం దానికిచ్చెయ్, ఆ లాగడం నిమరడం పిల్లలు ఆటలా చేస్తారు. దాని ఆరు చొక్కాలు నీవి. చెమ్మ మీద, సాపుగా ఆరినవి, ఒక్కోటి నాలుగు నిమిషాలేసుకున్నా అరగంట లోపే. అదీ గురువారం మూడు, ఆదివారం మూడు. ఆ ఆదివారం మూడు చొక్కాలతో పాటు నీ కుర్తీ ఒకటి నీకోసం తీరిగ్గా చేసుకో.

మీ ఆయన మాట మిగిలింది. "ఇచ్చెయ్, ఏముంది" అనడం సాయం కాదు, ఆయనకి అది తెలియకపోవచ్చు. ఇచ్చేది మామయ్యగారు అయితే, తెచ్చేది ఆయన. ఆఫీసు నుంచి వస్తూ ఆ బండి ముందు నుంచే కదా వస్తారు. బుధవారం రాత్రి మెషీన్ ఆగాక చొక్కాలు తగిలించేది కూడా ఆయనే చేయొచ్చు, ఆ సమయానికి నువ్వు వంటింట్లో ఉంటావు. ఈ నాలుగు మాటలు భోజనాల దగ్గర అందరూ ఉన్నప్పుడు చెప్పు, ఒక కాగితం మీద ఎవరి పేరు పక్కన ఏ పనో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. కోపంలో ఉన్నప్పుడు మాత్రం వద్దు, కోపంలో చెప్పిన మాటలో కోపమే గుర్తుంటుంది, పని గుర్తుండదు.

ఆ మాడిన చొక్కా విషయానికొస్తే, లేత గోధుమరంగు మరక అయితే, అదీ తెల్లచొక్కా అయితే, మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది, పలచటిది. ఒక గుడ్డకి తడిపి మరక మీద అద్ది, ఎండలో ఓ అరగంట ఉంచి కడుగు. రెండు మూడుసార్లు చేస్తే చాలామటుకు పోతుంది. రంగు చొక్కా మీద ఇది చేయొద్దు, రంగు కూడా పోతుంది. బట్ట గట్టిపడి నల్లగా మారి ఉంటే, లేదా పాలిస్టర్ కరిగి మెరుస్తుంటే ఇక రాదు, దాన్ని కోసి ఇస్త్రీ చేసేటప్పుడు బట్ట మీద పరుచుకునే గుడ్డగా వాడుకో. బ్యాడ్జీ మీద, ముదురు రంగుల మీద అదే పరిచి చేస్తే మళ్లీ మాడదు. ఈ బుధవారం మొదలుపెట్టి, నెల తర్వాత ఫ్రిజ్ మీద కాగితం ఇంకా ఉందో లేదో నాకు రాయి.